మీకు తెలుసా? పల్నాడులో శాంతికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది

పల్నాడులో ఒక తల పగిలితే ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడం తేలికే. ఆసుపత్రి, అంబులెన్సు, పికెట్, లాయరు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. తల పగలకుండా చూడటానికి సర్కారు పెట్టే ఖర్చును లెక్క కట్టడమే కష్టం. ఆ డబ్బు ఒక్కచోట ఉండదు. కొంత పోలీసు శాఖలో, కొంత సాంఘిక సంక్షేమంలో, కొంత పంచాయతీరాజ్‌లో, ఇంకొంత న్యాయ సేవల సంస్థలో ఉంటుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు చూస్తూ ఆ పద్దుల్ని ఒక్కొక్కటిగా తిరగేద్దాం.

బంతి భోజనమే మొదటి పథకం

పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం అనగానే కోడిపందెం గుర్తొస్తుంది. మాచర్ల పక్షాన మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు అంతకుముందే అన్ని కులాలవారినీ ఒకే బంతిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని పల్నాటి వీరకథ చెబుతుంది. మాల కులస్థుడైన కన్నమదాసును సేనాపతిని చేశాడనీ చెబుతుంది. కథ నిజమైతే, పాలకుడి ఖర్చుతో కులాల మధ్య దూరం తగ్గించే పని ఈ గడ్డ మీద అప్పుడే జరిగిందన్నమాట. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు.

ఐదు రోజుల్లో ఒకరోజు రాయబారానిది

ఆ ఉత్సవాల ఐదు రోజుల పేర్లు వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరులను తలచుకునే పండుగలో ఒక రోజంతా సంధి ప్రయత్నానికి కేటాయించారు. కథలో ఆ రాయబారిగా వెళ్లినవాడు అలరాజు, గురజాల రాజు నలగాముడికి స్వయానా అల్లుడు. తిరుగు దారిలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో అతన్ని చంపించారని చెబుతారు. మధ్యవర్తికి రక్షణ లేకపోతే మాటలు ఆగి కత్తులు లేస్తాయని పల్నాడుకు ఎనిమిది వందల ఏళ్లుగా తెలుసు. అలాంటి రక్షణ సాక్షికి ఇవ్వడానికి ఈనాడు ప్రత్యేక నిధి ఉంది. దాని సంగతి కాసేపట్లో.

పోలీసుల జీతం ఊరే కట్టాలి

ఇంగ్లీషువాళ్ల కాలంలో శాంతి ఖర్చు ఎవరిదన్న దానికి సూటి జవాబుంది. 1861 నాటి పోలీసు చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రాంతం కల్లోలంగా ఉందని ప్రభుత్వం ప్రకటిస్తే అక్కడ అదనపు పోలీసుల్ని దింపవచ్చు. వాళ్ల ఖర్చు మాత్రం ఆ ఊరి జనం నుంచే వసూలు చేస్తారు. కొట్టుకున్నవాడూ కొట్టించుకున్నవాడూ ఆ గొడవతో సంబంధం లేనివాడూ, ప్రభుత్వం మినహాయించకపోతే, అందరూ కట్టాల్సిందే. ఎవరి వాటా ఎంతో జిల్లా మేజిస్ట్రేటు తేలుస్తాడు. ఇదంతా నివారణ పేరుతో వేసిన జరిమానా.

ఆ పన్ను మీద సుప్రీంకోర్టు తీర్పు

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ సెక్షన్‌ను వాడారు. రాజస్థాన్‌లో కొన్ని గ్రామాల్లో అదనపు పోలీసుల్ని పెట్టి, ఆ ఖర్చు నుంచి హరిజనులకూ ముస్లింలకూ మినహాయింపు ఇచ్చారు. 1960లో ఠాకూర్ ప్రతాప్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టేసింది. మిగతా కులాల్లోనూ శాంతంగా ఉన్నవాళ్లు ఉంటారు కదా, కులాన్నీ మతాన్నీ బట్టి వదిలేయడం రాజ్యాంగం 15వ అధికరణకు విరుద్ధం అంది. ఊరంతటినీ ఒకే గాటన కట్టి డబ్బు వసూలు చేయడంలోని చిక్కు ఆ తీర్పులో కనిపిస్తుంది.

గొడవకు మూలం మేత బీడు

1921లో పల్నాడు రైతులు అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరిని నిరాకరించారు. ఇక్కడి పరిస్థితి విచారించడానికి కాంగ్రెస్ పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతాచార్యులను ప్రభుత్వం అరెస్టు చేసి జైల్లో పెట్టింది. మరుసటేడు ఫిబ్రవరిలో మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మేత పన్ను తగ్గించడానికి అయ్యే ఖర్చు కంటే దాన్ని వసూలు చేయడానికి దింపిన పోలీసుల ఖర్చు తక్కువేమీ కాదని అప్పటి దొరలకు తట్టలేదు. ఊళ్లలో రేగే గొడవల కింద తవ్వి చూస్తే ఈ రోజుకీ బీడో, బాటో, నీటి బోదో తగులుతుంది.

కాలువ తవ్వకమూ నివారణే

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పల్నాడు మీదుగానే పోతుంది. అయినా వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల మెట్ట భూములకు ఆ నీరు ఎక్కదు. వాటి కోసం అనుకున్న వరికపూడిశెల ఎత్తిపోతల తొలి దశకు రూ.340.26 కోట్ల అంచనాతో 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన చేశారు. దీన్ని ఎవరూ హింస నివారణ పథకం అనరు. పొలంలో పనున్న కుర్రాడిని ఏ నాయకుడూ జీపు వెనక తేలిగ్గా తిప్పుకోలేడు కాబట్టి, ఈ పద్దునూ ఈ జాబితాలో రాసుకోవచ్చు.

జీతం లేని మధ్యవర్తులు

2004 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదులో నక్సలైటు పార్టీలతో నేరుగా చర్చలకు కూర్చుంది. ప్రభుత్వ బృందానికి అప్పటి హోం మంత్రి జానారెడ్డి నాయకుడు. మావోయిస్టుల తరఫున వచ్చిన రామకృష్ణది పల్నాడులోని తుమృకోట. అదే నెలలో గుత్తికొండ బిలం దగ్గర బహిరంగ సభ కూడా జరిగింది. రెండు పక్షాలనూ ఒకచోటికి తెచ్చిన పనిలో పెద్ద వాటా పౌర స్పందన వేదికది. 1997లో మొదలైన ఆ వేదికకు పెద్దదిక్కు మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్. సర్కారు జీతం మీద ఆధారపడని మనుషులు కావడం వల్లే వాళ్ల మాటను రెండు వైపులా విన్నారు. 2005 జనవరి నాటికి చర్చలు చెడిపోయాయి.

పోటీ లేకపోతే లక్షలు

పంచాయతీ ఎన్నికలొస్తే ఊరు రెండు పార్టీలవుతుంది. కాబట్టి పోటీయే లేకుండా సర్పంచిని ఎన్నుకుంటే ఊరికి డబ్బిస్తాం అన్నది ప్రభుత్వాల పాత ఆలోచన. గుజరాత్‌లో 2001 నుంచి సమరస్ పేరుతో ఇది నడుస్తోంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన రేట్లు ఇవి: రెండు వేల జనాభా వరకు ఉన్న పంచాయతీకి రూ.5 లక్షలు, ఐదు వేల వరకు రూ.10 లక్షలు, పది వేల వరకు రూ.15 లక్షలు, అంతకు మించితే రూ.20 లక్షలు.

హింస జరగకముందే చేతికొచ్చే డబ్బు కాబట్టి చూడ్డానికి ఇది అచ్చమైన నివారణ పథకం. అయితే ఏకగ్రీవానికి రెండు దారులున్నాయి. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడం ఒకటి. నామినేషన్ వేయబోయిన వాడి చేతిలో కాగితాలు లాక్కోవడం రెండోది. చెక్కు మీద ఆ తేడా కనపడదు. 2021 ఫిబ్రవరిలో తొలి విడత ఏకగ్రీవాలు గుంటూరు, చిత్తూరు జిల్లాల్లో ఎక్కువగా ఉన్నాయని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ నివేదికలు అడిగి, ఫలితాల ప్రకటనను కొన్నాళ్లు ఆపారు. పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలోదే.

ఓటే పడని రెండు పట్టణాలు

అదే ఏడాది మార్చిలో పురపాలక ఎన్నికలు జరిగాయి. మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాల్లో ఒక్క వార్డుకూ పోలింగ్ జరగలేదు. అన్నీ ఏకగ్రీవాలే. పుంగనూరు, పులివెందులలోనూ అంతే. పోలింగ్ లేదు కాబట్టి ఆ రోజు బూత్‌ల దగ్గర గొడవా లేదు. అది శాంతో భయమో తేల్చడానికి మూడేళ్ల తర్వాత అసెంబ్లీ ఎన్నికలు రావాల్సి వచ్చింది.

2024 మే 13, ఆ తర్వాత

జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడుకు అవి తొలి సాధారణ ఎన్నికలు. పోలింగ్ నాడూ ఆ తర్వాతి రోజుల్లోనూ మాచర్ల, నరసరావుపేట, గురజాల నియోజకవర్గాల్లో రాళ్లు, కర్రలు, పెట్రోలు సీసాలు లేచాయి. మాచర్ల నియోజకవర్గం పాల్వాయిగేటు పోలింగ్ బూత్‌లో ఈవీఎం పగిలిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది. పల్నాడు కలెక్టరునూ తిరుపతి ఎస్పీనీ బదిలీ చేసింది. మూడు జిల్లాల్లో పన్నెండు మంది కింది అధికారుల మీద వేటు వేసింది. దర్యాప్తు పర్యవేక్షణకు ప్రత్యేక బృందం వచ్చింది. 144 సెక్షన్ పెట్టారు. జూన్ 4న లెక్కింపు అయ్యాక కూడా పదిహేను రోజులపాటు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచమని ఎన్నికల సంఘం ఆదేశించింది.

దుకాణాలు మూతపడ్డాయి, బయట ఊళ్ల బలగాలకు బస, భోజనం, వాహనాలు సమకూర్చాల్సి వచ్చింది. ఈ మొత్తం జరగడానికి నెల ముందు ఊరూరా నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఎంత అయ్యుండేదో లెక్క వేసిన ఫైలు ఏదైనా ఉంటే అది చదవదగ్గది.

ఎన్నికల బందోబస్తు బిల్లు ఎవరికి?

లోక్‌సభ ఎన్నికల నిర్వహణ ఖర్చు కేంద్రానిది. అసెంబ్లీ ఎన్నికలది రాష్ట్రానిది. రెండూ కలిసి వస్తే చెరిసగం. శాంతిభద్రతల ఖర్చు మాత్రం లోక్‌సభ ఎన్నికలైనా సరే రాష్ట్రమే పెట్టుకోవాలి. అంటే గొడవలుండే జిల్లాకు ఎంత ఎక్కువ బందోబస్తు కావాలో, రాష్ట్ర ఖజానా మీద అంత భారం పడుతుంది. ఆ డబ్బు మాచర్ల బడికో గురజాల ఆసుపత్రికో పోవాల్సిన ఖజానాలోదే.

అతి చవకైన నివారణ: బైండోవర్

ఎన్నికల ముందు తహసీల్దారు ఆఫీసు దగ్గర జనం బారులు తీరి పూచీకత్తు రాసిచ్చి పోతుంటారు. అదే బైండోవర్. పాత నేర ప్రక్రియా స్మృతిలో 107వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126వ సెక్షన్. శాంతికి భంగం కలిగించనని గరిష్ఠంగా ఏడాది కాలానికి పూచీ రాయించుకుంటారు. అలవాటుగా నేరాలు చేసేవాళ్ల విషయంలో 129వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా రాయించుకోవచ్చు. మాట తప్పితేనే డబ్బు కట్టాలి, లేదా మిగిలిన గడువు జైల్లో ఉండాలి. ప్రభుత్వానికి అయ్యే ఖర్చు కాగితం, సిరా. దీని బలహీనత కూడా అక్కడే ఉంది. పూచీ రాయించుకున్నాక ఆ మనిషిని పలకరించేవాడు, పని చూపించేవాడు ఉండడు. మళ్లీ ఎన్నికలప్పుడే అతను గుర్తొస్తాడు.

నివారణకు డబ్బివ్వమని రాసిన నిబంధన

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చుండూరు అప్పటి గుంటూరు జిల్లాలోదే. 1995లో ఆ చట్టానికి నిబంధనలు రాశారు. అందులో మూడో నిబంధన చాలామంది చదవనిది, చదవాల్సినది.

దాడులు జరగవచ్చనిపించే ప్రాంతాల్ని ముందే గుర్తించాలి. కలెక్టరూ ఎస్పీ అక్కడికి వెళ్లి చూడాలి. అక్కడి ఎస్సీ, ఎస్టీయేతరుల తుపాకీ లైసెన్సులు అవసరమైతే రద్దు చేయాలి, అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి. అవగాహన కేంద్రాలు పెట్టాలి, శిక్షణలు జరపాలి. ఆ పని చేసే స్వచ్ఛంద సంస్థలకు డబ్బు సాయం చేయాలి. ప్రత్యేక పోలీసు బలగం పెట్టాలి. మూడు నెలలకోసారి సమీక్షించాలి.

నగరాల్లో జనం మధ్య పనిచేసి హింసను ఆపే సంస్థలకు ప్రభుత్వ నిధులివ్వాలని ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. మన దగ్గర ఆ మాట 1995లోనే అక్షరాలా నిబంధనగా ఉంది. సాయం ఇవ్వాలన్నారు గానీ ఎంతో రాయలేదు. అందుకే నష్టపరిహారం పద్దు ప్రతి ఏడూ కదులుతుంది, ఈ పద్దు కదిలించేవాళ్లుంటేనే కదులుతుంది.

ఊళ్లోనే కోర్టు

చుండూరు కేసు విచారణకు ప్రత్యేక కోర్టును ఆ గ్రామంలోనే పెట్టారు. సాక్షులు పట్నానికి పోయి రావాల్సిన పని లేకుండా న్యాయమే ఊరికి వచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. తీర్పు ఏమైనా, కోర్టును బాధితుల గడపకు తేవడానికి ప్రభుత్వం డబ్బు పెట్టవచ్చన్న ఆనవాయితీ మన జిల్లాల పక్కనే పుట్టింది.

సాక్షికి బస్సు చార్జీ, రోజు కూలి

అదే నిబంధనల్లో 11వది మరో ఉపయోగకరమైన సంగతి. అత్యాచారాల కేసులో బాధితులూ వాళ్ల మీద ఆధారపడినవాళ్లూ సాక్షులూ విచారణకో కోర్టుకో వెళ్తే రానుపోను చార్జీలు, దినభత్యం, పోషణ ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలి. అదీ వెంటనే, ఆలస్యమైనా మూడు రోజులు దాటకుండా. నేరాన్ని బట్టి బాధితులకు అందే సాయం రూ.85 వేల నుంచి రూ.8.25 లక్షల వరకు ఉంది. హత్య కేసులో సగం పోస్టుమార్టం కాగానే, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు చేరగానే ఇవ్వాలి. రాష్ట్రం ఎప్పటి నుంచో భరిస్తున్న మొత్తానికి పైన అయ్యే ఖర్చును కేంద్రం, రాష్ట్రం సగం సగం పంచుకుంటాయి.

ఊరు విడిచినవాళ్ల లెక్క

2019 సెప్టెంబరు 11న ‘చలో ఆత్మకూరు’ పిలుపు పల్నాడును కుదిపేసింది. దుర్గి మండలం ఆత్మకూరులో తమ వర్గంవాళ్లు ఊళ్లో ఉండలేకపోతున్నారని తెలుగుదేశం గుంటూరులో శిబిరం నడిపింది. తమవాళ్లే గత ఐదేళ్లు బాధలు పడ్డారని వైఎస్సార్ కాంగ్రెస్ పోటీ పిలుపిచ్చింది. అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబును గృహనిర్బంధంలో ఉంచారు. శిబిరంలోని కుటుంబాలను పోలీసులు ఊళ్లకు చేర్చారు. పార్టీ ఏదైనా గద్దె మారగానే కొన్ని కుటుంబాలు పెట్టె సర్దుకోవడం ఇక్కడ కొత్త కాదు. కూలి పోతుంది, పిల్లల బడి ఆగుతుంది, పైరు ఎండుతుంది. ఇంత నష్టమూ ఏ బడ్జెట్ పుస్తకంలోకీ ఎక్కదు.

ఏ చావుకు ఏ పథకం?

ఉగ్రవాద, మత, మావోయిస్టు హింసలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు కేంద్రం 2008 నుంచి సాయం చేస్తోంది. మొదట రూ.3 లక్షలు, 2016 నుంచి రూ.5 లక్షలు. మత, కుల, జాతి, ఉగ్రవాద హింసలో దిక్కులేనివాళ్లైన పిల్లల చదువుకు 1992లో ఏర్పడిన జాతీయ మత సామరస్య ఫౌండేషన్ సాయం చేస్తుంది. రెండు పార్టీల మధ్య వర్గకక్షల్లో పోయిన ప్రాణం కేంద్రం ఇచ్చే ఆ రూ.5 లక్షల పరిధిలోకి రాదు. వాళ్లకు మిగిలే దారి బాధితుల పరిహార పథకం. పాత స్మృతిలో 357-ఏ, కొత్త సంహితలో 396వ సెక్షన్. నిందితుడు ఎవరో తేలకపోయినా న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో పరిహారం అంటే నాయకుడు కవరులో పెట్టి ఇచ్చేదే అనుకుంటారు. ఆ కవరు తీసుకున్న ఇంటి కొడుకు తర్వాత ఆ నాయకుడి మనిషవుతాడు. సర్కారు సాయం సకాలంలో అందితే ఆ గొలుసు తెగుతుంది. పరిహారం కూడా నివారణే అయ్యే చోటు ఇది.

సాక్షి రక్షణకూ నిధి ఉంది

అలరాజు దగ్గర ఆపిన మాట ఇదే. వర్గకక్షల కేసుల్లో సాక్షి ఎదురు తిరిగితే కేసు పోతుంది, కేసు పోతే పగ మిగులుతుంది. 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా అమలు చేయమంది. ప్రతి రాష్ట్రంలోనూ సాక్షుల రక్షణ నిధి ఉండాలి. బడ్జెట్ కేటాయింపులతో పాటు విరాళాలూ కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ అందులోకి రావచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి సాక్షి దరఖాస్తు చేసుకోవచ్చు. బెదిరింపు తీవ్రతను బట్టి ఇంటికి కాపలా, కెమెరా, కోర్టుకు తోడు, తప్పదనుకుంటే వేరే ఊళ్లో బస. ఒక విడతకు మూడు నెలల వరకు.

గడప దగ్గరి ఉద్యోగి

2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో ఒక్కో చోట ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని పెట్టారు. తర్వాత వాళ్లకు మహిళా పోలీసు అని పేరు మార్చారు. జీతం రాష్ట్ర ఖజానాది. ఇంట్లో మొదలైన కొట్లాట వీధికి రాకముందే తెలిసే అవకాశం ఉన్న ప్రభుత్వ ఉద్యోగి ఈమే. 2013లో కేంద్రం వెయ్యి కోట్లతో మొదలుపెట్టిన నిర్భయ నిధి నుంచి నడిచే సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, ఐదు రోజుల వరకు బస ఒకేచోట దొరుకుతాయి.

షాపువాడే పెట్టుకోవాల్సిన కెమెరా

2013 నాటి రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం ప్రకారం ఒకేసారి వందమంది పోగయ్యే వాణిజ్య, ప్రజా స్థలాల్లో యజమానులే సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టాలి. సర్కారు నయాపైసా పెట్టకుండా నడిచే నివారణ ఇది. కెమెరా కొట్టినవాడిని చూపిస్తుంది, కొట్టాలనుకున్నవాడిని వారించదు.

ఒక ఎస్పీ, ఒక ఊరు

ఫ్యాక్షన్ పేరు చెబితే కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల గుర్తొస్తుంది. 2008 మే 17న ఒక్క దాడిలో ఆ ఊరి నాయకుడితో పాటు మొత్తం 11 మంది చనిపోయారు. తర్వాత జిల్లా ఎస్పీగా వచ్చిన ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. వివిధ శాఖల నిధులూ దాతల సాయమూ కూడగట్టి రోడ్లు, బడి వంటి పనులు చేయించారు. కొత్త పద్దు ఏదీ పుట్టించలేదు. ఉన్న పద్దులన్నిటినీ ఒకే ఊరికి మళ్లించారు. పల్నాడుకు నేర్చుకోవలసిన పాఠం ఇక్కడుంది. అధికారి బదిలీ అయ్యాక ఆ మళ్లింపు ఎవరు కొనసాగిస్తారన్న ప్రశ్న కూడా ఇక్కడే ఉంది.

ప్రపంచం ఏం చేస్తోంది?

హింస ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సభ 1996లో తీర్మానించింది. షికాగోలో 2000లో మొదలైన ఒక కార్యక్రమం, ఒకప్పుడు ముఠాల్లో తిరిగి బయటపడ్డవాళ్లకే జీతమిచ్చి, పగ తీర్చుకోవడానికి బయల్దేరినవాణ్ని దారిలో ఆపి మాట్లాడమని పంపింది. 2005లో గ్లాస్గో పోలీసులు హింస తగ్గింపు విభాగం పెట్టి డాక్టర్లనూ టీచర్లనూ ఆ పనిలోకి తెచ్చారు. 2022లో అమెరికా చేసిన ఒక చట్టం ఇలాంటి స్థానిక కార్యక్రమాలకు ఐదేళ్లలో 25 కోట్ల డాలర్లు కేటాయించింది. మన ఊళ్లలో ఆ పని పెద్దమనుషులు ఎప్పటి నుంచో చేస్తున్నారు. తేడా ఒక్కటే. అక్కడ ఆ మధ్యవర్తి ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నాడో కాగితం మీద ఉంటుంది. ఇక్కడ పెద్దమనిషి ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలుసు.

పెద్దమనుషులకు చట్టంలో చోటు

2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో సామూహిక మధ్యవర్తిత్వం అని ఒక అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలో కుటుంబాల మధ్య శాంతికీ సామరస్యానికీ భంగం కలిగించే తగాదాలను రెండు పక్షాల సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల బృందానికి అప్పగించవచ్చని ఆ అధ్యాయం చెబుతుంది. సమాజంలో గౌరవమున్నవాళ్లు, మహిళల ప్రతినిధులు ఆ జాబితాలో ఉండవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీలా అమలు కాదు. ఇద్దరూ మాట మీద నిలబడాల్సిందే. హత్య కేసులు దీని పరిధిలోకి రావు. గట్టు తగాదా హత్య దాకా పోకముందు వాడుకోవలసిన దారి ఇది.

ఈ నంబర్లు రాసి పెట్టుకోండి

అత్యవసరమైతే 112. మహిళలకు 181. పిల్లలకు 1098. ఎస్సీ, ఎస్టీలపై దాడులకు 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. గంజాయి సమాచారానికి 1972, ఇది 2024 నవంబరులో ఏర్పడిన ఈగల్ విభాగానిది.

అడిగితే ఎంతవుతుంది?

అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా అందులో సభ్యులే. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి డివిజన్లలో ఆర్డీఓ స్థాయి కమిటీలు ఉండాలి. సమావేశం జరిగిందా, ఎన్ని ఊళ్లను ముందే గుర్తించారు, అవగాహన కేంద్రాలకు ఎంత ఖర్చు పెట్టారు, ఎంతమంది సాక్షులకు మూడు రోజుల్లో భత్యం అందింది అని ఎవరైనా సమాచార హక్కు కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా కార్యాలయంలో పది రూపాయలు, మండలంలో ఐదు రూపాయలు, గ్రామ స్థాయిలో ఉచితం. ఎన్నికలకు ఇంకా వ్యవధి ఉన్నప్పుడే ఈ ప్రశ్నలు వేయాలి. నోటిఫికేషన్ వచ్చాక అడిగితే జవాబుకు ముందు బందోబస్తు వస్తుంది.